వేళ్ళతో కొలిసిన వరద

రండర్రా, దగ్గిరికి జరగండి. ఆ కబుర్లు కట్టీండి. ఒలే అసిరమ్మా, నోరు మూసి సెవులు తెరు!

కళింగపట్నం దాలయ్య కూతురు ఝాన్సీ సిక్కోలు కాలేజీలో సదువుతాది. ఏరెంత పెరుగుతాదో, గాలెటు తిరుగుతాదో కాయితం మీద లెక్కకట్టే సదువు. ఆ పొద్దు పైన ఒడిశాలో కుండపోత, ఇక్కడ మాడు పగిలే ఎండ. ఎండుంది గదాని దాని తల్లి లక్ష్మణమ్మ, ఇంకో పదకొండుమంది ఆడోళ్ళు వంశధార నడిమిన ఇసకదిబ్బ మీద సేపలెండేస్తన్నారు. ఇంతలో వరదొస్తాదని కబురొచ్చినాది. ఆళ్ళని ఎప్పుడు తేవాల?

"అయ్యా, నీరెంతెక్కినాదో సూసి సెప్పు," అన్నాది ఝాన్సీ.

దాలయ్య తన పడవ పక్కకి నీటిమట్టం కాడ సున్నంతో గీత గీసినాడు. గంట పోనాక సూసి, "గీత కాడే ఉన్నాదమ్మా!" ఇంకో గంటకీ, "గీత కాడే!"

కాయితం మీద సున్నా, దాని పక్కన ఇంకో సున్నా. వరదకి సున్నా ఏటి? ఝాన్సీ కాయితం పక్కన పడీసినాది. లేసి సూస్తే పడవ కట్టిన గుంజ సగం ములిగిపోనాది.

"అయ్యా! నీరు లేస్తే పడవా లేస్తాది, దాంతోటే నీ గీతా లేస్తాది!"

తెడ్డు లాగి నీటంచున దిగ్గొట్టినాది. పది నిమసాలకి వేలు మందం ఎక్కినాది. ఇంకో పదికి రెండు వేళ్ళు. ఇంకో పదికి నాలుగు.

"అరగంటకి ఏడు వేళ్ళు," అన్నాడు దాలయ్య. "దిబ్బ ములగాలంటే అరవై ఎక్కాల. ఇంకా నాలుగు గంటలుంది. బువ్వ తినీసి ఎల్తాను."

"అలాగ కాదయ్యా! పదేసి నిమసాలకీ రెట్టింపవుతన్నాది. ఇప్పుడు ఎనిమిది, మరి పదారు, ఆ మీద ముప్పైరెండు, ఎక్కిన ఏడుతో కలిపి అరవైమూడు. ఇంకో అరగంటే!"

"నీ కాయితం సంగతి ఏరుకి తెలుసేటే?"

"తెలకపోతే మానె! అమ్మ ములిగిపోతాది, పడవ ఇప్పు!"

తండ్రీకూతుళ్ళు తెడ్లేసినారు. నీరు బుసకొడతన్నాది. ఎళ్ళేసరికి దిబ్బ సాపంత మిగిలినాది, పీతలు ఆడోళ్ళ బుజాలెక్కీసి కూకున్నాయి, నా కళ్ళతో సూసినాను! పదకొండుమంది ఎక్కీసినారు. లక్ష్మణమ్మ మోకాల్లోతున నిలబడి సేపల గంప వదల్దు.

"వారం కట్టమే ఇది!"

"గంప పోతే పోనీయే అమ్మా!" ఝాన్సీ తల్లి జబ్బ పట్టి పడవలోకి ఈడ్సీసినాది.

ఎనక్కి తిరిగి సూస్తే దిబ్బ లేదు. నీరే.

ఒడ్డెక్కినాక ఆడోళ్ళు ఝాన్సీని కావలించుకుని ఏడుస్తన్నారు. పొద్దుట్నుంచీ గట్టు మీద సుట్ట కాలస్తన్న ఎర్రన్న మాత్రం కోపంగా వచ్చినాడు.

"ఏటే అమ్మీ, ముప్పైరెండు దాకా ఎందుకు లెక్కెట్టినావు? ఎనిమిది కాడ ఆపీసుంటే ఏరూ అక్కడే ఆగును గదా!"