మొట్టమొదట చేయాల్సిన పని

“నువ్వు నెమ్మదస్తురాలివి కదమ్మా, టీల సంగతి నువ్వు చూసుకో” అంటూ మా మేడం నా చేతిలో ట్రే పెట్టారు. ఆవిడకి నా పేరు తెలియదు. రెండేళ్లుగా ఆవిడ క్లాసులో గోడ పక్క బెంచీలో కూర్చుంటున్నా, పిలవాల్సి వచ్చినప్పుడల్లా ‘ఇదిగో, నువ్వే’ అనే అంటారు. సరేనని తల ఊపాను. ఊపకుండా ఉండడం నాకు ఇంతవరకు చేతకాలేదు.

ఆ రోజు మా కాలేజీలో సదస్సు. పరీక్షల భయాన్ని, ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెప్పడానికి మనసు జబ్బులు చూసే డాక్టరు ఒకావిడ వస్తున్నారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించినప్పటి నుంచీ నేను ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాను. మిగతావాళ్లకి అది క్లాసులు లేని రోజు, అంతే. నేను మాత్రం ఒకటి తెలుసుకోవాలి. నాకు పట్టుకున్నది ఏమిటి, అది మళ్లీ వస్తే ఏం చేయాలి. మర్నాడే పెద్ద పరీక్షలు మొదలు.

అది మొదటిసారి వచ్చింది కిందటి పరీక్షలో. ప్రశ్నలు చదివాను, అన్నీ వచ్చినవే. పెన్ను మూత తీశాను. అప్పుడు కాగితం మీద అక్షరాలు చీమల్లా కదలడం మొదలుపెట్టాయి. ఎవరో తడి గుడ్డ మెడకి చుట్టి పిండుతున్నట్టు ఊపిరి ఆగిపోయింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్క బెంచీ అమ్మాయికి వినిపిస్తుందేమోనని సిగ్గు కూడా వేసింది. ఇక్కడే చచ్చిపోతాను అనుకున్నాను. ఆ వెంటనే వచ్చిన ఆలోచన ఎవరికి చెప్పినా నవ్వుతారు. డాబా మీద ఆరేసిన బట్టలు ఎవరు తీస్తారు, మబ్బు పట్టింది కదా అనుకున్నాను. చచ్చిపోయేటప్పుడు కూడా బట్టలు గుర్తొచ్చేలా నన్ను ఎవరు తయారు చేశారో మరి. కడుపునొప్పి అని చెప్పి తెల్ల కాగితం ఇచ్చేసి బయటికి పరిగెత్తాను. హాల్లో ఉన్న మాస్టారు “ఆడపిల్లల కడుపునొప్పికి ఎదురేం చెప్తాం, వెళ్లు తల్లీ” అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

నేను ఉండి చదువుకునేది అన్నయ్యావాళ్ల దగ్గర. మార్కులు వచ్చాక అన్నయ్య కోప్పడలేదు. అన్నయ్య ఎప్పుడూ కోప్పడడు. ఫోన్ లోంచి తల ఎత్తకుండా “నీ వల్ల కాకపోతే చెప్పేయ్ పిల్లీ, మొహమాటం ఎందుకు? ఇంటికి పంపించేస్తా. అమ్మకి సాయంగా ఉంటావు” అన్నాడు. చప్పుడు చేయకుండా నడుస్తానని నన్ను చిన్నప్పటి నుంచీ పిల్లీ అనే పిలుస్తాడు. అంత మెత్తగా అన్న ఆ మాట మీద నేను రోజూ నిద్ర పట్టక దొర్లుతున్నాను.

ఎందుకంటే అమ్మకి సాయంగా ఉండడమంటే ఏమిటో నాకు తెలుసు. అమ్మకీ ఇది వచ్చేది. ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయి గోడకి చెయ్యి ఆనించేది. పెదవులు తెల్లగా అయిపోయేవి. మా నాన్నమ్మ “మొదలైంది. పని ఉన్నప్పుడే వస్తుందేంటే నీకు, తిండి దగ్గర రాదేం?” అనేది. నాన్న “నాటకాలు” అని ఒక్క మాట అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాడు. అప్పుడు అమ్మ ఏం చేసేదో తెలుసా? ఇంకా గబగబా ఊడ్చేది. చీపురు నేలకి తగిలే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒకసారి కొంగు పట్టుకుని ఏమైందమ్మా అని అడిగితే “ఏం లేదు, బిందె నిండిపోతోంది చూడు” అంది. అమ్మ నుంచి నాకు ముక్కు వచ్చిందంటారు, జుట్టు వచ్చిందంటారు. ఇది కూడా వచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

సదస్సు హాల్లో కుర్చీలు ఖాళీగా కనిపిస్తే బాగుండదని మగపిల్లల్ని పిలిచి ముందు వరుసల నిండా కూర్చోబెట్టారు. మమ్మల్ని పూలగుత్తుల దగ్గర కొందరిని, మంచినీళ్ల దగ్గర కొందరిని, టీల దగ్గర కొందరిని పెట్టారు. నా పక్కన గ్లాసులు తుడుస్తున్న పొడుగమ్మాయి “మనకి ఒత్తిడి లేదనుకుంటా, అందుకే బయట ఉంచారు” అంది. నవ్వాను గానీ నా చెవులు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి.

ట్రే పట్టుకుని లోపలికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మైకు ముందు నిలబడి ఉన్నారు. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, బడిలో లెక్కలు చెప్పే టీచరులా ఉన్నారు. “మీకు చచ్చిపోతున్నామనే అనిపిస్తుంది, చచ్చిపోరు” అన్నారు. నా ట్రేలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. “ఒంట్లో గంట మోగుతుంది. నిప్పు లేకుండానే మోగుతుంది. అది దానంతటదే తగ్గుతుంది. కానీ అది వచ్చినప్పుడు మొట్టమొదట చేయాల్సిన పని ఒకటుంది. అదేమిటంటే...”

“ఇదిగో, నువ్వే!” తలుపు దగ్గర్నుంచి మేడం గుసగుసగా పిలిచారు. “ప్రిన్సిపాల్ గారికి పంచదార లేకుండా కావాలట. పరిగెత్తు.”

పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను. పంచదార లేని టీ పట్టుకుని తిరిగొచ్చేసరికి హాలంతా కళ్లు మూసుకుని ఉంది. అందరూ నెమ్మదిగా గాలి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదులుతున్నారు. మొట్టమొదటి పని అయిపోయింది. వాళ్లు రెండోదో మూడోదో చేస్తున్నారు. అంతమంది ప్రశాంతంగా ఊపిరి తీసుకుంటుంటే నేనొక్కదాన్నే నిలబడి వగరుస్తున్నాను. ముందు వరుసలో ఒక అబ్బాయి ఒక కన్ను తెరిచి, నా ట్రేలోంచి గ్లాసు తీసుకుని, మళ్లీ కన్ను మూసుకున్నాడు.

సదస్సు అయ్యాక గ్లాసులన్నీ కుళాయి దగ్గరికి చేర్చి కడుగుతున్నాను. చేతులు కడుక్కోవడానికి డాక్టరమ్మ అక్కడికే వచ్చారు. పక్కకి జరిగాను. ఆవిడ చేతులు తుడుచుకుని వెళ్లిపోబోతున్నారు. ఇప్పుడు అడగకపోతే రేపు ఆ హాల్లో నేను, ఆ చీమలు, ఆ తడి గుడ్డ.

“మేడం, ఆ మొదటి పని ఏంటి?”

ఆవిడ ఆగారు. “ఏ పని?”

“భయం వచ్చినప్పుడు మొట్టమొదట చేయాలన్నారు కదా, అది.”

“నువ్వు లోపల లేవూ?”

“టీలు...” అన్నాను.

ఆవిడ నా వైపు, నా సబ్బు చేతుల వైపు, గ్లాసుల గుట్ట వైపు చూశారు. అక్కడే సిమెంటు గట్టు మీద కూర్చున్నారు. “రా, కూర్చో.”

“పరవాలేదు మేడం.”

“అదేనమ్మా మొదటి పని. కూర్చోవడం” అన్నారు. “చేతిలో ఏముంటే అది కింద పెట్టాలి. ఉన్నచోటే కూర్చోవాలి. అప్పటికే కూర్చుని ఉంటే, లేచి పారిపోకూడదు. పక్కన ఎవరుంటే వాళ్లకి, నాకు భయంగా ఉంది అని చెప్పాలి. ఊపిరి లెక్కలన్నీ ఆ తర్వాతే.”

“అంతేనా?”

“అంతే. చేసి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది” అని నవ్వారు. తర్వాత నవ్వకుండా, నాకు ఎప్పుడెప్పుడు వస్తోందో, నిద్ర ఎలా ఉందో, తిండి ఎలా ఉందో అన్నీ అడిగారు. రక్తం, గుండె ఒకసారి చూపించుకోమన్నారు. ప్రతి వారం లైబ్రరీ పక్క గదిలో ఉంటానని, వచ్చి మాట్లాడమని చెప్పారు. అప్పుడు కూడా నేను ఒక చేత్తో గ్లాసు తోముతూనే ఉన్నానట. ఆవిడే అన్నారు, “ముందు ఆ గ్లాసు వదిలేయ్.”

ఇంటికొచ్చేసరికి వదిన మెసేజీ. ఆలస్యమవుతుంది, కూర పెట్టేయ్, పది నిమిషాల పని. వదిన ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. మంచిదే, కానీ ఆవిడ దగ్గర అన్నీ పది నిమిషాల పనులే. బట్టలు మడతపెట్టడం పది నిమిషాలు, గిన్నెలు పది నిమిషాలు, ఇల్లు తుడవడం పది నిమిషాలు. అలాంటి పది నిమిషాలు కుట్టుకుంటూ పోతే నా పగలంతా అయిపోతుంది. ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు అన్నయ్య “నీకేం పని ఉండదు, చదువుకోవడమే” అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు, ఆయనకి కనిపించే పని నిజంగానే ఏమీ లేదు. “కౌంటర్లో కూర్చునే ఉంటావుగా, ఇంట్లో కాస్త ఒళ్లు కదిలితే మంచిదే” అని వదినతో కూడా నవ్వుతూనే అంటాడు. ఆవిడ ఇంట్లో కూర్చోగా నేను చూడలేదు. ఒక్కోసారి మాత్రం సింకు అంచు రెండు చేతులతో పట్టుకుని, కుళాయి అలాగే వదిలేసి, తల దించుకుని నిలబడుతుంది. గిన్నెలు నేను సరిగా తోమలేదని కోపమేమో అనుకుని అలాంటప్పుడు పలకరించను.

మూకుట్లో ఉల్లిపాయలు వేసి, బంగాళాదుంపలు కోస్తున్నాను. ఇవాళ ఇంకా చదవాల్సినవి గుర్తొచ్చాయి. రేపటి హాలు గుర్తొచ్చింది. ఆ హాల్లో కుర్చీ కాలు నేల మీద గీరుకునే చప్పుడు గుర్తొచ్చింది. అంతే, వచ్చేసింది. ఈసారి చీమలు పీట మీద, దుంప ముక్కల మీద. మెడకి తడి గుడ్డ. ముందు ఈ ఒక్క దుంప కోసేద్దాం అనుకున్నాను, ఇంకా గబగబా కోశాను. నా చేతిలో కత్తి చప్పుడు విన్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు. అది అమ్మ చీపురు చప్పుడు.

కత్తి కింద పెట్టాలి. వేళ్లు విడిపోలేదు. ఎడమ చేత్తో ఒక్కొక్క వేలూ తీసి కత్తిని పీట మీద పెట్టాను. వంటింటి నేల మీద, అలమరకి వీపు ఆనించి కూర్చున్నాను. డాక్టరమ్మ చెప్పింది నిజం. నిలబడి చచ్చిపోవడం కన్నా అది కష్టంగా ఉంది.

“పిల్లీ, ఏదో మాడుతోంది!” ముందు గదిలోంచి అన్నయ్య.

కాసేపటికి ఆయనే గుమ్మంలోకి వచ్చాడు. “కింద కూర్చున్నావేంటి? ఏం పోయింది?”

“భయమేస్తోందన్నయ్యా.”

“బొద్దింకా?” నేల మీద వెతికాడు.

“కాదు. ఊపిరి ఆడట్లేదు. ఆ రోజు కడుపునొప్పి కాదు. ఇదే.”

నా మొహం చూసి అన్నయ్య మొహం మారింది. “ఇదేంటే, అచ్చం అమ్మలాగా...” అని ఆగాడు. “సరేలే. లేచి కాసిని నీళ్లు తాగు. ఆ స్టవ్ చూడు. పనిలో పడితే అదే సర్దుకుంటుంది.”

“లేవను.”

ఆ మాట నేనే అన్నానని నాకు నమ్మకం కలగలేదు. అన్నయ్యకి అసలే కలగలేదు. “ఏంటీ?”

“ఇప్పుడు లేవకూడదు. స్టవ్ నువ్వు ఆపు.”

అన్నయ్య స్టవ్ దగ్గరికి వెళ్లి ఏ మీట ఏ పొయ్యిదో తెలియక ఒకటి తిప్పాడు. మంట భగ్గున పెరిగింది. “అబ్బా!” అని ఇంకోవైపు తిప్పాడు. వంటింటి నిండా మాడు వాసన, స్టవ్ దగ్గర నిలబడ్డ అన్నయ్య, నేల మీద నేను. నెమ్మదిగా గాలి వదిలాను. అరికాళ్ల కింద గచ్చు చల్లగా ఉంది.

“ఇలాగైతే రేపు పరీక్ష ఏం రాస్తావ్? చెప్పాగా, నీ వల్ల కాకపోతే...” అన్నాడు.

ఇన్నాళ్లూ నన్ను నిద్రపోనివ్వని మాట నా నెత్తి మీదే వచ్చి పడింది. అయినా నేను అక్కడే ఉన్నాను. “రాస్తాను” అన్నాను. “మధ్యలో వస్తే రానీ. పరీక్ష ఎలాగూ కూర్చునే రాస్తారు కదా.”

అన్నయ్య గరిటె తీసుకుని మాడిన ఉల్లిపాయల్ని గీకడం మొదలుపెట్టాడు.

వీధి తలుపు తీసిన చప్పుడైంది. భుజాన బ్యాగుతో, చెప్పులు కూడా విప్పకుండా వదిన గుమ్మంలోకి వచ్చింది. మాడిన మూకుడు చూసింది. గరిటె పట్టుకున్న అన్నయ్యని చూసింది. నన్ను చూసింది. పది నిమిషాల పని అని చెప్పాను కదా అంటుందని కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిస్తే వదిన నా ముందు వంగి, నా చేతులు చూస్తోంది.

“వేళ్లు తిమ్మిరెక్కాయా?”

వేళ్ల సంగతి నేను ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తల ఊపాను. వదిన ఒకసారి సింకు వైపు చూసింది. తర్వాత, అన్నయ్యకి వినబడనంత చిన్న గొంతుతో అడిగింది.

“నీకూ వస్తుందా?”

బ్యాగు పట్టీని ఆవిడ రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉంది, సింకు అంచు పట్టుకున్నట్టే. నేను కొంచెం జరిగి, అలమరకి ఆనుకునేలా పక్కన చోటు చేశాను.

“ముందు ఆ బ్యాగు కింద పెట్టు వదినా” అన్నాను.