నడిపేది నువ్వేగా

ఒక చేత్తో చిన్న గౌను కుచ్చులు ఇస్త్రీ చేస్తూ, రెండో చేత్తో ఫోన్‌లో కామెంట్లు చెరిపేస్తున్నాను. గౌను మా ఆడపడుచు కూతురిది. పిల్లల బట్టల షాపువాళ్లు పంపించారు. మధ్యాహ్నం ఎండ మా వెనక గది కిటికీలోంచి చక్కగా పడుతుందని ఫోటోలు ఎప్పుడూ మా ఇంట్లోనే తీస్తారు. ఆ వెలుతురు కోసమే నా కుట్టుమిషనూ, నా పుస్తకాల బీరువా ఆ గదిలోంచి బయటికొచ్చి వరండాలో పడ్డాయి. "నువ్వు వాటి మొహం చూసి ఎన్నాళ్లయిందిలే" అన్నారు మా అత్తగారు. నిజమే, చూడటానికి తీరికెక్కడిది?

ఆ పిల్లకు పదేళ్లు. ఎప్పుడో బిస్కెట్ల ప్రకటనలో కనబడిన దగ్గర్నుంచి మా అత్తగారు స్టారమ్మ అనడం మొదలుపెట్టారు. ఇంట్లో అందరికీ అదే పేరు ఖాయమైపోయింది. స్టారమ్మకు ఒక అకౌంట్ ఉంది. దాన్ని నేను నడుపుతాను. పెళ్లికి ముందు ఒక పత్రికాఫీసులో శీర్షికలు పెట్టేదాన్ని. మా అమ్మాయి పుట్టాక ఉద్యోగం మానేశానని ఇంట్లో అందరూ అంటారు. నాకు మాత్రం మాన్పించినట్టే గుర్తు. "శీర్షికలు పెట్టినదానివి, ఫోటో కింద రెండు ముక్కలు రాయడం నీకో లెక్కా?" అంటూ మా వదిన, అంటే మా ఆయన అక్క, స్టారమ్మ వాళ్లమ్మ, ఈ పని నా నెత్తిన పెట్టింది. ఆ రెండు ముక్కల వెనకాల షాపులవాళ్లకు జవాబులున్నాయి, గౌన్లకు పిన్నులున్నాయి, పిల్లకు జడలున్నాయి. పొద్దున లేచింది మొదలు కామెంట్లు తుడవడం ఉంది. ఇల్లు తుడిచినట్టే అదీను. తుడిచినన్నాళ్లూ ఎవరి కంటికీ ఆనదు, ఒక్కపూట మానేస్తే అందరికీ కనబడుతుంది. రోజంతా మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఫోన్ చూసుకుంటుంది" అని మా ఆయనే చెప్పేస్తారు.

కామెంట్లలో చాలావరకు మంచివే. ముద్దొస్తోంది అంటారు, చల్లగా ఉండు అంటారు. మిగతావి నేను పైకి చదవలేను. పదేళ్ల పిల్ల ఫోటో కింద అలాంటి మాటలు రాసేవాళ్లు ఉంటారని తెలిసిన కొత్తలో నాకు అన్నం సయించలేదు. చెరిపేదాన్ని, ఆ మనిషిని బ్లాక్ చేసేదాన్ని. ఒకడు మాత్రం ఎన్నిసార్లు తోసేసినా పేరు మార్చుకుని వచ్చేవాడు. అతను చెడ్డ మాటేమీ రాయడు. ఒక పసుపు పువ్వు బొమ్మ పెట్టి, "ఇవాళ నవ్వలేదేం?" అంటాడు. అంతే. అందరికంటే అతన్ని చూస్తేనే నాకు ఎక్కువ దడ. మా ఆయనకు చూపిస్తే, అంతమంది చూస్తున్నారంటే పేరొచ్చినట్టేగా అన్నారు. వదినతో అంటే, "చెరిపేయ్, అందుకేగా నువ్వున్నది" అంది.

ఆ మధ్యాహ్నం కూడా పువ్వు కనబడింది. "ఇవాళ నవ్వలేదేం?" స్టారమ్మ ఫోటో కిందే అనుకుని, చెరిపేద్దామని నొక్కాను. ఫోటో తెరుచుకుంది. అందులో ఉన్నది నా కూతురు.

మా ఉడత. ఐదేళ్లది. ఒక్కచోట నిలవదని నేనే పెట్టుకున్న ముద్దుపేరు. సోఫాలో పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ, కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. ఆ ఫోటో తీసింది నేనే. క్రితం నెల దానికి ఒళ్లు కాగిపోతున్న రోజున, త్వరగా రండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి అని రాసి ఆయనకొక్కరికే పంపాను. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. దాన్ని భుజాన వేసుకుని నేనే వెళ్లొచ్చాను. సాయంత్రం ఆయనొచ్చి, మీటింగులో ఉన్నాను, అసలు ఫోనే చూళ్లేదు అన్నారు. పాపం, ఏం పనుల్లో ఉన్నారో అని నేనే సర్దుకున్నాను.

పైన ఉన్నది స్టారమ్మ అకౌంట్ కాదు, మా ఉడత పేరుతో వేరేది. ఫోటో ఎప్పుడు పెట్టారో చూశాను. నేను పంపిన కాసేపటికే పెట్టారు. "నాకు జ్వరమొచ్చింది, అందరూ దీవించండి" అని నా కూతురే మాట్లాడుతున్నట్టు రాసి ఉంది. కింద ఎవరెవరో దీవించారు. ఒక్కొక్కరికీ చేతులు జోడించిన బొమ్మతో జవాబు వెళ్లింది. నాకు రాని జవాబు ఊరందరికీ వెళ్లింది.

కాలిన వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె గౌను మీదే ఉండిపోయింది. ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. పాత ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. ఊడిన పన్ను అరచేతిలో పట్టుకుని ఏడుస్తున్న ఉడత. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఉడత. స్కూలు గేటు ముందు ఉడత, వెనకాల స్కూలు పేరు అక్షరం పొల్లుపోకుండా. అన్నీ నేను పంపినవే. ఆఫీసులో ఒక్క నిమిషం నవ్వుకుంటారని పంపినవి. స్కూలు ఫోటో మీద "నేనూ మా వదినలా అవుతా" అని రాసి ఉంది. స్టారమ్మను అది వదిన అని పిలుస్తుంది. దాని కింద పసుపు పువ్వు. "మీ వదినకంటే నువ్వే బాగుంటావు."

ఉడత పక్కింట్లో ఆడుకుంటోందని తెలుసు, దాని కేకలు వినబడుతూనే ఉన్నాయి. అయినా వెళ్లి గోడ మీంచి తొంగిచూసి వచ్చాను.

హాల్లో ఆయన, వదిన, అత్తగారు టీ తాగుతున్నారు. ఫోన్ ఆయన ముందు పెట్టాను. తడబడతారనుకున్నాను. కనీసం గ్లాసు కింద పెడతారనుకున్నాను.

"అప్పుడే చూసేశావా? పొద్దున్నేగా నీ ఫోన్‌కి కలిపాను. సాయంత్రం చెబుదామనుకున్నాం" అన్నారు.

అనుకున్నాం. ముగ్గురి మొహాలూ చూశాను. అత్తగారు గ్లాసులోకి చూసుకున్నారు. ముందే చెబితే నేను వద్దంటానట, కాస్త జనం పోగయ్యాక చెబితే కాదనలేనట. వదిన ఆ సంగతంతా కూరలోకి ఉప్పు ఎంత వేయాలో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"మరి ఇప్పుడైనా ఎందుకు చెప్పాలనుకున్నారు?" అన్నాను.

"మాకెక్కడ కుదురుతుంది? నడిపేది నువ్వేగా" అన్నారాయన.

చెంప మీద కొట్టినా అంత దిమ్మెరపోయేదాన్ని కాదు. నా పిల్లను బజార్లో నిలబెట్టడానికి నా మాట అక్కర్లేదు. నిలబెట్టాక చుట్టూ ఊడవడానికి మాత్రం నా చేతులు కావాలి. జ్వరం రోజున నా మెసేజ్ చూశారన్నమాట అంటే, దానికీ దీనికీ సంబంధమేంటి, ఫోటో బాగుంది పెట్టాను, జ్వరం తగ్గిపోయిందిగా అన్నారు. పసుపు పువ్వు చూపిస్తే, ఎవరో ముసలాయనై ఉంటాడు, నీకు అన్నీ చెడ్డగానే కనబడతాయి అన్నారు.

"నా కూతురికి లేని భయం నీ కూతురికొచ్చిందా?" అంది వదిన.

ఎత్తిపొడవడానికే అంది. కానీ ఆ కూతురి అకౌంట్ ఇన్నాళ్లూ నడిపింది నేనే. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఉడత అకౌంట్ తీసేయడానికి వేలు పెట్టాను. నిజంగా తీసేయాలా అని ఫోన్ ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆ ఇంట్లో నన్ను అడిగింది అదొక్కటే. తీసేశాను. "పిచ్చి పట్టిందా నీకు?" అంటూ ఆయన లేచేసరికి నేను వెనక గదిలోకి వెళ్లిపోయాను.

ఫోటోల కోసం వచ్చిన స్టారమ్మ అక్కడే కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. సగం జడ వేసి వదిలేశాను, మిగతా సగం భుజం మీద విప్పుకుని ఉంది. గౌను కాలిపోయిందని ఎలా చెప్పాలా అనుకున్నాను. ఆ పిల్ల గౌను సంగతి అడగలేదు.

"అత్తా, ఉడతది తీసేశావా?"

"తీసేశానమ్మా."

కాళ్లు ఊపుతూ నా చేతిలోని ఫోన్ వైపు చూసింది. ఇన్నాళ్లూ దాని తరఫున "నాకిది ఇష్టం, నాకది ఇష్టం" అని రాస్తూ వచ్చాను. కెమెరా లేనప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో ఆగి చూసింది మాత్రం అప్పుడే. నాకు తెలిసిన మొహం కాదది. అలసిపోయిన పెద్దావిడ మొహం.

"నాది కూడా నీ ఫోన్‌లోనే ఉందిగా" అంది.

హాల్లోంచి వాళ్లమ్మ అడుగుల చప్పుడు ఇటే వస్తోంది. అమ్మ ఊరుకోదు తల్లీ అని చెప్పబోయాను. ఈలోపే ఆ పిల్ల స్టూలు దిగి, వెళ్లి తలుపు గడియపెట్టి, వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నేను ఫోన్ తెరిచాను.