ఆఖరి విస్తరి

పదహారో గుమ్మడికాయని రెండు చేసేసరికి దుర్గ బొటనవేలి మీద బొబ్బ చిట్లింది. చీర కుచ్చెళ్లలో చెయ్యి ఒత్తుకుని పదిహేడోది ముందుకు లాక్కుంది.

రంగూన్‌లోని తామ్వే పేటలో తెలుగు సంఘం హాలు వెనక, రేకుల నీడలో, పదకొండుమంది ఆడవాళ్లు తెల్లారకముందు నుంచి కూరలు తరుగుతున్నారు. పొద్దు పదయింది. కరెంటు పోయి గంట దాటింది. జనరేటరు ఉంది కానీ అది మైకుకి. హాల్లోంచి ఎవరో మాటిమాటికీ "హలో, హలో" అంటున్నారు.

ఇవాళ సెలవు. కుట్టు కార్ఖానాలో మామూలు రోజైతే ఆరువేల ఎనిమిది వందల చాట్లు కూలి వచ్చేది. సెలవు కాబట్టి అదీ లేదు. పండగ పని సేవ కిందికి వస్తుందని యజమాని చెప్పాడు.

"ఓలమ్మా, దుర్గా! ఇలా తిరుగు ఓపాలి," అంది పక్కన వంకాయలు కోస్తున్న కనకరత్నం. "మీ ఆయన బుగ్గల మీద ఆకులేసీసినాడేటే! ఈనెలు కూడా దిగిపోనాయి."

పనిలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. దుర్గ రెండు బుగ్గల మీదా బర్మా ఆడవాళ్లు పూసుకునే తనకా గంధం ఆకు ఆకారంలో పూసి ఉంది. త్రినాథ్ పొద్దున్నే సానమీద చెక్క అరగదీసి, ఆమెని స్టూలు మీద కూచోబెట్టి, నాలిక కొంచెం బయటపెట్టుకుని మరీ పూశాడు. లత పేటలో ఫోన్లు బాగుచేసే కొట్లో పని అతనిది. సన్నపనికి అలవాటుపడ్డ చేతులు. పెళ్లయి ఇంకా మూడు నెలలు కాలేదు.

"బేగి ఎల్లాలంటే ఒదల్లేదప్పా," అంది దుర్గ. నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ చల్లదనం ఇంకా చెంపల మీద ఉంది. నవ్వినప్పుడల్లా ఎండిన గంధం సన్నగా బిగుసుకోవడం కూడా ఆమెకి బాగానే ఉంది.

"మా ఆయనా పూసినాడు ఒకపాలి. పెళ్లికి ముందు," అంది కనకరత్నం. "గోడకి, సున్నం."

నవ్వులు తగ్గాక, అందరిలోకీ చిన్నది అమ్ములు గొంతు తగ్గించి అడిగింది. "అడుగుతావేటి ఇయ్యాళ?"

"అడుగుతాను."

"ఇవ్వడు."

"ఇవ్వడని తెలుసు. అయినా అడుగుతాను."

అడగాల్సింది గులాబీరంగు గుర్తింపు కార్డులు. ఆ కార్డు లేనిదే ఈ దేశంలో మనిషి లేనట్టే. ఊరు దాటే బస్సు టికెట్టివ్వరు. వేరే కార్ఖానాలో పనివ్వరు. రోడ్డు మీద ఆపితే చెప్పుకునేందుకు ఏమీ ఉండదు. దుర్గ కార్డు కోసం ఆమె నాన్న పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అది చేతికొచ్చిన వారం రోజులకే ఆమె పనిలో చేరింది. చేరినరోజే యజమాని వాసుదేవరావు కార్డు తీసుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. "భద్రంగా ఉంటుంది" అన్నాడు. పక్క కార్ఖానాలో రోజుకి వెయ్యి చాట్లు ఎక్కువిస్తున్నారని తెలిసినా, ఆ పెట్టె మూత తెరుచుకుంటే తప్ప ఎవరూ కదల్లేరు.

దుర్గ అప్ప, తోడబుట్టిన అక్క కోటేశ్వరి కార్డు కూడా ఆ పెట్టెలోనే ఉంది. ఎనిమిదో నెలదాకా మిషను తొక్కింది కోటేశ్వరి. కాన్పుకి పోవాలి, కార్డిప్పించమని మూడుసార్లు అడిగింది. "పండగయ్యాక చూద్దాం," అన్నాడు. పద్దెనిమిది రోజుల కిందట, మధ్యాహ్నం, ఆమెకి ఉన్నట్టుండి రక్తం పోవడం మొదలైంది. త్రినాథ్ టాక్సీ ఎక్కించాడు. దారిలో తనిఖీ గేటు దగ్గర ఆపారు. అందరి కార్డులూ అడిగారు. ఆమెకీ లేదు, పక్కనున్న దుర్గకీ లేదు. దుర్గ వాసుదేవరావుకి ఫోను చేసింది. "పెట్టె తాళంచెవి ఇంట్లో ఉంది, నేను బయట ఉన్నాను, సాయంత్రం చూద్దాం" అని పెట్టేశాడు. టాక్సీ సీటు తడిసిపోయింది. గంటా నలభై నిమిషాల తర్వాత గేటు తీశారు. ఆసుపత్రిలో బయటికొచ్చిన మగబిడ్డ ఏడవలేదు.

అప్పటినుంచీ కోటేశ్వరి చిమిండైంగ్ పేట ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాలు పడుతున్నాయి. జాకెట్టు తడుస్తుంటే గుడ్డ పెట్టుకుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు.

దుర్గ పదిహేడో గుమ్మడికాయ మీద కత్తి దించింది.

పదకొండు గంటలకి వాసుదేవరావు పెరట్లోకి వచ్చాడు. యాభై అయిదేళ్ల మనిషి, తెల్లటి చొక్కా, పట్టంచు పంచె. బర్మావాళ్లు చిన్నాన్నని పిలిచినట్టు కార్ఖానాలో అందరూ అతన్ని "ఊలే" అంటారు. వెనకే అతని భార్య హైమ ఒక సంచి మోసుకొచ్చింది.

"ఇయ్యాళ లత నుంచి పెద్ద సేట్లొస్తన్నారు, వార్డు పెద్దలొస్తన్నారు," అన్నాడు. "ఈ మురికి గుడ్డలతోటి తిరక్కండి. ఇదిగో, పదకొండు లుంగీలు, అన్నీ పసుపే. కట్టుకుని ఆఖరి బంతిలో కూకోండి. ఫోటోలో బాగుంటాది."

"మేం తింటమా ఊలే?" అంది అమ్ములు నమ్మలేక. ఏటా వాళ్లు వండడం, మోయడం, కడగడమే.

"తినాల. మీ తాతలు ఇడుదలైన పండగ కాదేటి?"

దుర్గ లేచి నిలబడింది. "ఊలే, మా కార్డులిచ్చీండి."

"ఇయ్యాళేటమ్మాయ్, పండగపూట. పండగయ్యాక చూద్దాం."

"మా అప్పకీ అలగే సెప్పినారు."

వాసుదేవరావు మొహంలో ఏదో కదిలి మాయమైంది. "దేవుడిచ్చింది దేవుడు తీసుకున్నాడు. దానికి నానేటి సేస్తాను? ఏడుపు మొహాలు పెట్టకండి, నవ్వండి. ఫోటోలు తీస్తారు." లోపలికి వెళ్లిపోయాడు.

దుర్గ పసుపు లుంగీ మడత విప్పింది. కొత్త బట్ట వాసన. ఇంకో రోజైతే దాన్ని ముక్కుకి ఆనించుకునేది.

ఈ పండగ కథ సంఘంలో పిల్లలకి కూడా తెలుసు. ముత్తాతలు భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగూన్‌లో మూటలు మొయ్యడానికి వచ్చారు. తెచ్చిన మేస్త్రి దగ్గర వాళ్ల వేలిముద్రల కాగితాలుండేవి. కాగితం తిరిగొచ్చేదాకా మనిషి మేస్త్రి సొత్తు. ఒక ఏడు, అది ఏ ఏడో ఇప్పుడెవరికీ సరిగా తెలీదు, చిమిండైంగ్ ఏటి ఒడ్డున కూలీలంతా పని మాని కూచున్నారు. మేస్త్రి దిగొచ్చి కాగితాలిచ్చాడు. ఆ పూట తనే గరిటె పట్టి వాళ్లకి అన్నం వడ్డించాడు. అప్పట్నుంచి ఏటా మేస్త్రి వంశం వాడు పొద్దుట్నుంచి పచ్చి గంగ ముట్టకుండా, చెప్పుల్లేకుండా, కూలీల మనవలకి వడ్డించాలి. ఆఖరి విస్తరిలో మనిషి "చాలు" అనేదాకా గరిటె కింద పెట్టకూడదు, తను మెతుకు ముట్టకూడదు.

ఆ మేస్త్రికి మునిమనవడు వాసుదేవరావు. ఏటా మొదటి నాలుగాకుల్లో ఫోటోకి వడ్డించి, మిగతాది కార్ఖానా ఆడవాళ్లకి వదిలేసి, మళ్లీ చివరాకు దగ్గరికే వచ్చేవాడు. చివరాకున కూచునేది ఎనభై రెండేళ్ల బుల్లియ్య. ఆయన ఒక్క గరిటెకే "చాలు బాబూ" అనేసేవాడు. ఈసారి ఫోటో అందం కోసం బుల్లియ్యని మొదటి బంతికి జరిపించింది వాసుదేవరావే.

అతను మైకులో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. బానిసత్వం చరిత్రలో కలిసిపోయిందన్నాడు. చెమట విలువ తన కుటుంబానికి తెలిసినట్టు ఎవరికీ తెలియదన్నాడు. లత సేట్లు చప్పట్లు కొట్టారు. తర్వాత, పెద్దలు చూస్తున్నారు కాబట్టి, ఈసారి అన్నం గంపతో అన్ని బంతుల వెంటా కదిలాడు. గంప మొయ్యడానికి ఇద్దరు మగవాళ్లు, పక్కన ఫోటోగ్రాఫరు. పసుపు లుంగీల బంతి దగ్గరికి వచ్చేసరికి అతని మెడ వెనక చెమట కారుతోంది. కనకరత్నం చాలంది. అమ్ములు చాలంది. వరసగా అందరూ అన్నారు.

చివరాకు దుర్గది. గరిటెడు అన్నం పడింది.

"సాలా?" అన్నాడు ఫోటోగ్రాఫరు వైపు చూస్తూ.

"ఇంకా," అంది దుర్గ.

నవ్వి ఇంకో గరిటె వేశాడు. "సాలా?"

"ఇంకా."

మూడు. నాలుగు. ఎదురుబంతిలో ఎవరో "ఆకలి మీదున్నాది గుంట" అని నవ్వారు. అయిదో గరిటెకి అన్నం ఆకు అంచులు దాటింది. వాసుదేవరావు వంగి, పెదవులు కదలకుండా అన్నాడు. "ఏటే ఈ ఏషాలు? సాలు అను."

"కార్డులు తెండి ఊలే. పన్నెండూ."

"రేపట్నుంచి పనికి రాకు."

"కార్డు లేకండా ఎక్కడికి పోమంటారు?" ఇది మాత్రం దుర్గ హాలంతా వినిపించేలా అంది.

అతను గరిటె గంపలో పడేసి వెనక్కి తిరిగాడు. మొదటి బంతిలోంచి కర్ర నేలమీద టక్కుమంది.

"ఒరే బాబూ," అన్నాడు బుల్లియ్య. "అదింకా సాలన్లేదు."

"తాతా, అది యాగీ సేస్తంది."

"సెయ్యనీ. నేనొక్క గరిటెకే సాలనీసీవోణ్ణి. ఎనబయ్యేళ్లు తిండి తిన్నా నాకు బుద్ది రాలేదు. నువ్వు గరిటి ఎత్తు."

వార్డు పెద్ద బర్మా భాషలో పక్కవాణ్ణి ఏమిటని అడిగాడు. పక్కవాడు చెప్పాడు. వార్డు పెద్ద ఆసక్తిగా కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఫోటోగ్రాఫరు ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. అతనికి తెలుగు రాదు.

అమ్ములు ఆకు మీంచి చెయ్యి తీసింది. "ఊలే, నాను తప్పు సెప్పినాను. నాకూ ఇంకా కావాల."

"నాకూ," అంది కనకరత్నం. ఆ బంతంతా అదే మాట పాకింది.

వాసుదేవరావు వడ్డించాడు. అన్నం గుట్టలయింది, ఆకుల మీంచి జారి పసుపు లుంగీల ఒళ్లలో పడింది. బస్తా లక్షా యాభై వేల చాట్లు పోసి కొన్న బియ్యం అది. గంప ఖాళీ అయితే ఇంకోటి తెచ్చారు. పొద్దుట్నుంచి ఖాళీ కడుపు. అతను ఒక్కో గరిటెకీ ఆగి గంప అంచు పట్టుకుంటున్నాడు. హైమ పరుగున వచ్చి దుర్గ పక్కన కూలబడింది.

"అమ్మా, ఆయన సుగరు మనిషమ్మా. పడిపోతారు."

"మా అప్పకి నెత్తురు పోతన్నపుడు పోనుచేసినాను హైమత్తా. మీరు పక్కనే ఉన్నారు. మీ గొంతు ఇనపడ్డాది నాకు."

హైమ నడుం దగ్గర తాళాల గుత్తి తడుముకుంటూ లేచి వెళ్లింది. ఇల్లు ఆ వీధిలోనే. పావుగంటలో, పెట్టెలోంచి తీసిన కార్డులతో బిస్కట్ల రేకుడబ్బా ఒకటి తెచ్చి భర్త చేతికిచ్చింది. అతను భార్యని చూసిన చూపు అందరూ చూశారు.

గరిటె పట్టిన చేత్తోనే కార్డులు పంచాడు. కనకరత్నం తన కార్డు కళ్లకద్దుకుంది. జాకెట్లో దోపుకుని, "సాలు ఊలే" అంది. లేచి, దుర్గ మొహం చూడకుండా బయటికి నడిచింది. ఇంట్లో ముగ్గురు పిల్లలామెకి. ఇంకో ఇద్దరు ఆమె వెనకే వెళ్లారు. అమ్ములు కార్డు తీసుకుని అలాగే కూచుంది. మిగిలినవాళ్లూ కూచున్నారు.

చివరికి రెండు కార్డులు దుర్గ ఆకు పక్కన పెట్టాడు. ఒకటి ఆమెది. రెండోది కోటేశ్వరిది. ఫోటోలో అప్పకి పందొమ్మిదేళ్లు, రెండు జడలు. నవ్వకూడదని ఫోటోవాడు చెప్పినందుకు నవ్వాపుకుంటూ ఉంది. దుర్గ ఆ ఫోటో మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. కార్డులు రెండూ లుంగీ నడుం మడతలో దోపుకుంది.

"అయిపోనాది కదా," అన్నాడు వాసుదేవరావు. పెదాలు తెల్లబడ్డాయి. "అన్నీ ఇచ్చీసినాను. ఇంక సాలు అను, తల్లీ."

ఎవరో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. బుల్లియ్య కర్రమీద గడ్డం ఆనించి దుర్గ వైపు చూస్తున్నాడు.

దుర్గ ఆకుమీది అన్నాన్ని రెండు చేతులతో పక్కకి తోసింది. ఆకు మధ్యలో ఒక మూరెడు చోటు చేసింది, అరచేత్తో తుడిచింది.

"మా అప్ప బిడ్డనిక్కడ పెట్టండి," అంది. "అప్పుడంటాను."

వాసుదేవరావు గరిటెతో అలాగే నిలబడ్డాడు. గరిటెలోంచి మెతుకులు ఒకటొకటిగా అతని పాదాల మీద పడుతున్నాయి. బయట లత సేటు కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"ఎయ్యండి ఊలే," అంది దుర్గ. "నాను కూకునే ఉన్నాను."