బంగారు మొన మీద డీఎన్‌ఏ పోగు

నేను ఒక బంగారు సూదిని. మెడల్లో మెరవాల్సిన జాతిదాన్నే, ఏం లాభం, ప్రయోగశాలలో పడ్డాను. కంటికి ఆనని నా మొనకు ఒక డీఎన్‌ఏ పోగు అతికించారు. దాని రెండో కొస కిందున్న పలకను తాకుతుంది. ఆ పోగులోంచి కరెంటు పారుతుందా అన్నదే షకీలా పరిశోధన. ఒళ్లంతా అవే పోగులు పెట్టుకుని, నన్ను అడగడమేమిటో ఈ మనుషులు!

పారుతుందని థీసిస్ నిండా రాసేసింది. వచ్చే వారమే అప్పగించాలి.

ఆమెకో అలవాటు ఉంది. తెర మీద కరెంటు చూపించే గీత లేవకపోతే, నా మీది గాజుమూత తీసి దగ్గరగా వంగి, "కానీ తల్లీ, కానీ" అని బతిమాలేది. గీత లేచేది. ఆమె పొంగిపోయేది. నాకు గుండె ఉంటే గుబేలుమనేది. ఆ కరెంటులో చాలా భాగం ఆమె ఊపిరి తేమ మీదుగా పారిందే, పోగులోంచి కాదు. చెబుదామంటే నోరేదీ?

ఆ రోజు ఆమె గైడు విశ్వేశ్వరం గారు చూడ్డానికి వచ్చారు. "మూత ఎందుకమ్మా తీశావు?" అన్నారు.

"ఇలా పలకరిస్తేనే పనిచేస్తుంది సార్" అని నవ్వబోయి, సగంలో ఆగిపోయింది. తన ఊపిరి సంగతి అప్పుడు తట్టింది. గబగబా మూత వేసి పొడిగాలి వదిలింది. గీత దబ్బున పడి, అడుగున సన్నగా నిలిచింది.

ఆ మిగిలిందైనా పోగుదేనా? తేల్చే దారి ఒక్కటే. పోగు మెలితిరిగిన నిచ్చెన లాంటిది. ఒక్క మెట్టు సరిగా పొసగని పోగు పెట్టి చూడాలి. కరెంటు మెట్ల గుండా పోతుంటే అక్కడ తడబడుతుంది. తేమలో పోతుంటే దానికేం పట్టదు, గీత కదలదు. అప్పుడు ఇన్నేళ్ల కష్టమూ నీళ్లపాలే.

నన్ను కడిగి ఆ పోగు అతికించింది. మూత పడింది. నా వల్ల ఆమె మునిగిపోతుందేమోనని భయమేసింది నాకు.

మిగిలిన ఆ సన్న గీత కూడా సున్నాకు అడుగంటింది.

"సార్! పోగులోంచే సార్!" షకీలా ఏడ్చేసింది.

"మరి థీసిస్‌లో ఆ పెద్ద గీతలు?" మెల్లగా అడిగారాయన.

కళ్లు తుడుచుకుంది. "తీసేస్తాను సార్. అవి పోగువి కావు, నావి."

మొన అరిగిందని ఆ సాయంత్రమే నన్ను కరిగించడానికి పంపే డబ్బాలో వేశారు. పక్కనే షకీలా ఫోనులో చెబుతోంది: "అమ్మీ, డిగ్రీకి ఇంకో ఏడాది పడుతుంది. కొంచెమే పారుతోంది. కానీ నిజంగానే పారుతోంది అమ్మీ."