పాచిపని

పాచి మీద పరిశోధన చేస్తున్నానని చెబితే సరిపోయేది. "పాచి మీద పనండీ" అన్నాను. నా నోరు పడిపోను! సాయంత్రానికల్లా కూర్మన్నపాలెంలోని మా అపార్ట్‌మెంటు ఐదంతస్తులకీ తెలిసిపోయింది, త్రినాథరావు గారమ్మాయి నిఖిత ఎమ్మెస్సీ చదివి పాచిపనికి కుదిరిందని.

ఆ పుణ్యం మా సెక్రటరీ గురునాథరావు గారిది. లిఫ్టు పాడై నెలరోజులుగా మొత్తుకుంటున్నా చెవికెక్కని మనిషికి ఈ ముక్క మాత్రం భేషుగ్గా వినబడింది. మర్నాడు మెట్ల మీద ఎదురుపడి, "మా ఇంటిక్కూడా వత్తావేటమ్మా?" అని పళ్లికిలించాడు.

"ఛీ! నేనేం పాచిపనిదాన్ని కాదు!" అని అరిచాను.

పక్కనే చీపురుతో నూకాలు ఉంది. ఐదంతస్తుల్లోనూ అంట్లు తోమి, ఇళ్లు ఊడ్చేది ఆమే. నావైపు ఒక్కసారి చూసి, మళ్లీ ఊడవడంలో పడింది.

డాబా మీద నీలం టబ్బులో నేను పెంచుతున్నది నీటివల అనే పచ్చటి పాచి. సోమవారం మా గైడుకి చూపించాలి. లేదంటే నా రెండేళ్ల చాకిరీ గంగపాలే.

ఆమధ్య నూకాలు దాన్ని చూసి, "వల నాగే ఉందే! ముడులేవీ? ఎవులల్లినారు?" అని అడిగింది. వాళ్లాయన హార్బర్లో వలలు అల్లుతాడు. ఎవరూ అల్లలేదని చెప్పాను. తల్లి వలలో ఒక్కో కణం లోపల వేల పిల్లకణాలు కాసేపు ఈదులాడి, ఒకదాన్నొకటి పట్టుకుని బుల్లి వలగా మారతాయి. సెక్రటరీ లేడు, మీటింగు లేదు. ఆ మాటకి నూకాలు పడీపడీ నవ్వింది.

ఆదివారం పొద్దున్నే డాబా ఎక్కితే ఖాళీ టబ్బు తళతళలాడుతోంది.

"దోమలొత్తన్నాయని సెక్రటరీ గారు కడిగీమన్నారు. పాచి కడగడమే కదా నా పని," అంది నూకాలు.

అక్కడే కూలబడి ఏడ్చాను. నూకాలు నీళ్లట్యాంకు చాటు నుంచి ఓ స్టీలు గ్లాసు తెచ్చింది. అందులో చిటికెడు పచ్చటి వల.

"మా ఆయనకి సూపిద్దామని దాసినాను."

గబుక్కున చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"ఇంతకీ నువ్వు సేసే పనేటమ్మా?"

మెట్ల మీద గురునాథరావు గారి చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

"పాచిపనే, నూకాలప్పా!" అన్నాను, ఆయనకి వినబడేలా.

నూకాలు గ్లాసు నా చేతిలో పెట్టింది.