కుర్చీ పడిన చప్పుడు

శుక్రవారం చివరి పీరియడ్ అంటే నాలుగో తరగతి పిల్లలకు ప్రాణం. ఆ గంటలో పాఠం ఉండదు. వంతుల వారీగా ఒకరు ఇంటి నుంచి కేకు చేసి తెస్తారు. అది తింటూ, ఆ వారం తరగతిలో ఏది బాగుంది, ఏది బాగాలేదు అని అందరూ కలిసి మాట్లాడుకుంటారు. డెన్మార్క్‌లో ఆ పిల్లల తల్లిదండ్రులూ తమ చిన్నప్పుడు ఇలాగే కేకు డబ్బాలు మోసుకుంటూ బడికి వెళ్ళినవాళ్ళే. టీచర్లను పేరు పెట్టి పిలవడమూ అక్కడ మామూలే. కొట్టకుండా, తిట్టకుండా, మాటలతోనే పిల్లల్ని దారిలో పెట్టే ఈ పద్ధతంటే మెరేటే టీచరుకు ఎంతో గర్వం. మాటలతో కూడా కొట్టవచ్చునని ఆమెకు అప్పటికి తోచలేదు.

ఆ రోజు కేకు వంతు సిద్సెల్‌ది. పైన కొబ్బరి, గోధుమరంగు పంచదార కలిపి కాల్చిన కేకు. ఎవరైనా తగిలి పడేస్తారేమోనని ఆ పిల్ల విరామంలో ఆటకు కూడా వెళ్ళకుండా డబ్బా పక్కనే కూర్చుంది. మెరేటే అది చూసింది. చూసి, ఇవాళైనా బుద్ధిగా ఉంది అనుకుంది. ఆ వారమంతా సిద్సెల్ ఆమెను విసిగించింది మరి. పాఠం మధ్యలో ఉన్నట్టుండి కుర్చీని ధడాలున పడేసేది. పక్కవాళ్ళ పెన్సిళ్ళు విరిచేది. ప్రతిసారీ మెరేటే ఆ పిల్లను నడవాలోకి పంపి, తలుపు మూసి, పని సాగించేది.

"కేకు కోసే ముందు ఒక్క మాట," అంది మెరేటే. "ఈ మధ్య మన తరగతిలో గోల ఎక్కువైంది. మీకేది ఇబ్బందిగా ఉందో చెప్పండి. ఎవరి పేరూ ఎత్తొద్దు."

చేతులు లేచాయి.

"కొందరు కుర్చీలు పడేస్తారు."

"కొందరు పెన్సిల్ విరిచి, నేను కాదంటారు."

ఆ కొందరంతా ఒక్కరేనని గదిలో తెలియనివాళ్ళు లేరు. మెరేటే ఒక్కో ఫిర్యాదునూ గుండ్రటి అక్షరాలతో బోర్డు మీద రాస్తూ పోయింది. వెనక వరసలోంచి ఆస్గర్ లేచాడు. "మెరేటే, పేరు చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పను. ఇవాళ కేకు ఎవరు తెచ్చారో వాళ్ళనే అడుగు!"

తరగతి గొల్లున నవ్వింది. మెరేటే పెదవుల మీద కూడా ఒక చిన్న నవ్వు కదిలి ఆగింది. "సిద్సెల్, నువ్వేమంటావమ్మా?" అంది. న్యాయంగానే అడుగుతున్నాననుకుంది.

సిద్సెల్ లేచింది. ఇంకా కత్తి తగలని కేకును డబ్బాతో సహా ఎత్తి చెత్తబుట్టలో బోర్లించింది.

"బయటికి నడు!" అని అరిచింది మెరేటే.

సిద్సెల్ వెళ్ళింది. తలుపు కూడా తనే మూసుకుంది.

బడి వదిలాక ఆ పిల్ల తండ్రి థోర్కిల్ వచ్చాడు. రేవులో చేపల గిడ్డంగిలో పనిచేసే మనిషి. ఖాళీ డబ్బా తీసుకుపోదామని వచ్చాడు.

"అంచు కాస్త మాడింది. పిల్లలేమీ అనలేదు కదా?" అన్నాడు.

మెరేటే డబ్బా అతని చేతికిచ్చి, జరిగింది చెప్పింది. అతను కోప్పడతాడనుకుంది. అతను డబ్బా మూతకు అంటుకున్న కొబ్బరిని వేలితో తుడుస్తూ ఉండిపోయాడు.

"పొద్దున్నే లేచి తనే కలిపింది, మెరేటే. నన్ను గిన్నె కూడా ముట్టుకోనివ్వలేదు. 'నాన్నా, ఈ కేకు తింటే నన్నెవరైనా జంటకు పిలుస్తారా?' అంది. జంటేమిటో నాకు అర్థం కాలేదు. నీకేమైనా తెలుసా?"

"తెలీదు," అంది మెరేటే.

అతను వెళ్ళిపోయాక తెలిసింది. లెక్కలకైనా, చదువుకైనా, "మీకు నచ్చినవాళ్ళతో జంటలు కట్టండి" అనడం ఆమెకు అలవాటు. కుర్చీ పడేది సరిగ్గా ఆ మాట తర్వాతే. తరగతిలో పిల్లలది బేసి సంఖ్య. ఒకరు మిగలాల్సిందే. సిద్సెల్‌ను బయటికి పంపాక జంటలు చక్కగా సరిపోయేవి. ఆ సరిపోవడం చూసి తాను హాయిగా ఊపిరి పీల్చుకునేది.

ఆ రెండు సెలవు రోజులూ ఆమెకు అన్నీ సగంలోనే ఆగిపోయాయి. కాఫీ చల్లారిపోయేది, తెరిచిన పుస్తకం అదే పుటలో ఉండిపోయేది. బోర్డు మీద తను రాసిన గుండ్రటి అక్షరాలే కళ్ళ ముందు మెదిలేవి.

సోమవారం ఉదయం, కోట్లు తగిలించే కొక్కేల దగ్గర మెరేటే వెళ్ళి సిద్సెల్ పక్కన కూర్చుంది.

"శుక్రవారం తప్పు నాది. నిన్ను అందరి ముందూ నిలబెట్టాను."

"నిలబెట్టలేదు. నేను కూర్చునే ఉన్నా," అంది సిద్సెల్ కోటు గుండీ తిప్పుతూ.

"జంటలు కట్టమన్నప్పుడే కుర్చీ ఎందుకు పడేస్తావు?"

"పడేస్తే నువ్వు పంపించేస్తావుగా. అప్పుడు నన్నెవరూ పిలవలేదని ఎవరికీ తెలీదు. అల్లరిదాన్ననుకుంటారు. అది నయం."

ఆ పసిది రెండు అవమానాలను పక్కపక్కన పెట్టుకుని, తక్కువ నొప్పించేదాన్ని ఎంచుకుంది. ఆ రెండూ ఇచ్చింది తానే.

"ఇక జంటలు నేనే కలుపుతాను," అంది మెరేటే. "అలవాటుకొద్దీ ఎప్పుడైనా నోరు జారితే, కుర్చీ బదులు ఇంకేం చేస్తావు?"

"ఏం చేస్తా? వాళ్ళని మాత్రం బతిమాలను."

"బతిమాలొద్దు. వచ్చి నా బల్ల మీద చెయ్యి పెట్టు. మాట్లాడక్కర్లేదు. మిగతాది నా పని."

"నువ్వు చూడకపోతే?"

"చూస్తాను."

"ఇన్నాళ్ళూ చూళ్ళేదుగా."

"అవును," అంది మెరేటే. "చూడలేదు."

బుధవారం లెక్కల పీరియడ్‌లో ఆమె నోరు జారనే జారింది. "జంటలు కట్టండి." అన్నాక గానీ తెలియలేదు. అప్పటికే కుర్చీలు జరుగుతున్నాయి, పిల్లలు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. సిద్సెల్ చెయ్యి కుర్చీ వీపు మీదికి వెళ్ళింది. కుర్చీ రెండు కాళ్ళ మీద వాలింది. మెరేటే ఊపిరి బిగబట్టింది, అరవకుండా ఆగింది.

కుర్చీ మెల్లగా నాలుగు కాళ్ళ మీదికి దిగింది. చెవుల దాకా ఎర్రబడ్డ మొహంతో సిద్సెల్ నడిచి వచ్చి, బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

"ఆస్గర్, సిద్సెల్ మీ ఇద్దరితో కూర్చుంటుంది."

"ముగ్గురైతే జంటెలా అవుతుంది?" అన్నాడు ఆస్గర్.

"చూశావా, లెక్కలు రావు నీకు. అందుకే నన్ను పంపింది," అంది సిద్సెల్. ఆస్గర్ నవ్వి, కొంచెం జరిగాడు. మర్నాడు సిద్సెల్ విరిచిన పెన్సిళ్ళకు బదులు కొత్తవి తెచ్చి, ఎవరివి వాళ్ళ బల్లల మీద పెట్టింది. ఎవరూ అడగలేదు.

శుక్రవారం వచ్చింది. వంతు కాకపోయినా మెరేటే కేకు తెచ్చింది. థోర్కిల్‌ను అడిగి చేసిన కొబ్బరి కేకు.

"మధ్యలో గుంట పడింది!" అన్నాడు ఆస్గర్.

"పూర్తిగా కాలకముందే ఓవెన్ తలుపు తీసుంటుంది," అంది సిద్సెల్.

"తీశాను," అని ఒప్పుకుంది మెరేటే. అందరికన్నా ముందు సిద్సెల్‌కు ముక్క పెట్టి, తరగతి వైపు తిరిగింది. నవ్వులు ఆగాయి. తప్పు చేసిన పిల్లలు నిలబడే చోట, బోర్డు పక్కన, ఆమె నిలబడింది.

"పోయిన శుక్రవారం నేను మన మాటల గంటను కోర్టు చేశాను. మీ చేత సాక్ష్యాలు చెప్పించాను. మీతో పాటు నేనూ నవ్వాను. సిద్సెల్ తన తప్పు దిద్దుకుంది, ఇక నా వంతు. కుర్చీ పడేయొద్దని ఆ పిల్లకు లెక్కలేనన్నిసార్లు చెప్పాను. దాని బదులు ఏం చేయవచ్చో ఒక్కసారైనా చెప్పకుండానే తలుపు మూసేశాను. పిల్లల్ని అల్లరి మానమనే పెద్దవాళ్ళు ముందు ఆ అల్లరి దేన్ని దాస్తోందో చూడాలి. చూశాక, దాని బదులు చేయదగిన పని ఒకటి నేర్పాలి."