ఎదురు పలకని మెదడు

“పాలు పొంగిపోయినై. నీ మెదడు ఇంకిపోయినట్టుంది” అన్నాడు మా ఆయన శేషగిరిరావు, పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతూ. పొంగుతుంటే చూసింది ఆయన. మతిమరుపు మాత్రం నాది.

మార్కాపురంలో మాది పలకల దుకాణం. గల్లాపెట్టె దగ్గర నేను, అరుగు మీద కబుర్ల దగ్గర ఆయన. పలకలు అమ్ముతాను గానీ ఎదురు పలకను. ఈమధ్య నన్ను లేపి, గల్లా దగ్గర తన తమ్ముడు మాల్యాద్రిని కూర్చోబెట్టాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అందుకు నా మతి పోయిందని తేలాలి. వయసు మీద పడేకొద్దీ మనిషికి తన మీద తనకుండే అదుపు ఎట్లా మారుతుందో మెదడు ఫొటోలు తీసి చూస్తున్నారని విని, నన్ను గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

“ఫొటోలో పడాలంటే ముందు ఉండాల గదా వదినా” అన్నాడు తోడొచ్చిన మాల్యాద్రి.

నన్ను స్కానింగు మిషను గొట్టంలో పడుకోబెట్టారు. పచ్చచుక్క వస్తే బటన్ నొక్కాలి, ఎర్రచుక్క వస్తే వేలు ఆపుకోవాలి, తల కదపకూడదు. ధైర్యం చెప్పమని డాక్టరమ్మ మైకు మా ఆయనకిచ్చింది.

“ఏమే, అర్థమయిందా?”

నా తల ఊగింది. ఫొటో చెదిరింది.

“కదలొద్దంటున్నారు, ఇంటున్నావా?”

మళ్ళీ ఊగింది. ఆయన గొంతుకూ నా మెడకూ మధ్య మెదడుకు పనేలేదు. డాక్టరమ్మ మైకు లాక్కుంది. ఆ మిషను రొద చెవులకు చిల్లులు పొడుస్తున్నా, అంత ప్రశాంతత నాకు పుట్టింట్లో కూడా దొరకలేదు.

“ఇది జబ్బు పరీక్ష కాదమ్మా. కానీ ఈ వయసులో వేలు ఆపుకోవడం కష్టం. మీరు ఒక్కసారీ తప్పలేదు, అదుపు బాగుంది” అని డాక్టరమ్మ తెరమీద చూపించింది. “మెదడు రెండువైపులా పనిచేస్తోంది.”

“ఒకవైపు చాలక రెండోదాన్ని పిలిచినట్టుంది” అన్నాడు ఆయన.

“అంతేనండీ. పెద్దవయసులో ఒక సగానికి ఇంకో సగం సాయం వస్తుంది.”

అర్ధాంగి అన్న మాటకు అర్థం నా తలకాయలోనే ఉందన్నమాట, ఇంట్లో వెతుక్కున్నాను ఇన్నేళ్ళూ.

“ఏం సాధన చేస్తారమ్మా?” అని అడిగింది డాక్టరమ్మ.

“నోటిదాకా వచ్చిన మాట మింగటం” అన్నాను.

తిరుగు రైలు దొనకొండ దాటింది. “సరేలే, మతి బాగానే ఉంది. అయినా రేపటి నుంచి మాల్యాద్రి కూర్చుంటాడు. ఏమంటావు?” అన్నాడు మా ఆయన.

“గల్లా దగ్గర్నుంచి నేను లేచేది లేదు” అన్నాను.

మాల్యాద్రి కిటికీలోంచి పొలాలు చూడసాగాడు. మా ఆయన నా వైపు తిరిగాడు.

“ఏందే ఇది? నీకు అదుపు బాగుందనింది గదా డాక్టరమ్మ?”

“ఉండబట్టే గదా, ఇన్నేళ్ళూ మీరు యజమానిగా చెలామణి అయినారు.”